సవరణ: ఆభా కార్డు వేరు, వైద్యం కార్డు వేరు

ఆభా కార్డు ఉంటే 70 ఏళ్లు దాటినవాళ్లకి 5 లక్షల దాకా వైద్యం ఉచితమని మొన్నటి పోస్టులో ఉంది కదా, అది అలా కాదు. ఆభా అంటే 14 అంకెల నంబరు, రిపోర్టులన్నీ ఫోన్‌లో ఒకచోట ఉంచుకోడానికి, మనం ఒప్పుకుంటేనే డాక్టరుకి చూపించడానికి. 5 లక్షల వైద్యం ఇచ్చేది ఆయుష్మాన్ వయ వందన అనే వేరే కేంద్ర పథకం. 2024 అక్టోబరులో మొదలైంది, ఆదాయంతో పనిలేదు, ఆధార్‌లో వయసు 70 నిండితే చాలు.

అలాగని ఆభా దండగ కాదండీ. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) మాటిమాటికీ చేయించుకునే పెద్దవాళ్లు పలాస ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కాగితాల సంచీ వెతుక్కోనక్కర్లేదు, కాకపోతే పరీక్ష చేసినచోట రిపోర్టు ఆ నంబరుకి జతచేయాలి, లేదంటే యాప్ ఖాళీయే. కాబట్టి పాత కాగితాలు పారేయకండి. నంబరు ఉచితమే, ఓటీపీ మాత్రం ఫోన్ చేసి అడిగినవాళ్లకల్లా చెప్పొద్దని ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.