ఐటినరీ గారికి సీటు నంబరు 14 వ్రాయునది

మహారాజరాజశ్రీ వియత్నాం టూరు ఐటినరీ గారి సముఖమునకు, సీటు నంబరు 14 నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

మీరు రెండే పేజీలు. లామినేషన్ చేయించి, తాడు కట్టి మెడలో వేశారు కనుక రెండు రోజులూ నా గుండెల మీదే ఉన్నారు. పైన 'డా నాంగ్ – హై వాన్ – హ్యూ – డీఎంజెడ్: సముద్రం, చరిత్ర ఒకే ప్రయాణంలో' అని అచ్చేశారు. సముద్రం పెద్దక్షరాల్లో, చరిత్ర చిన్నక్షరాల్లో. దాపరికం లేని మనిషని అప్పుడే అర్థమైంది.

మొదటిరోజు పొద్దున్నే హోటల్ గుమ్మంలో మా ఇరవైరెండు మందికీ పూలదండలు వేసి వ్యానెక్కించారు. ఊరు దాటుతుండగా కుడిచేతి వైపు నామ్ ఓ తీరం. మీలో దానికి '7:50, బీచ్ వ్యూ, వ్యాను ఆగదు' అని ఉంది. 1965 మార్చి 8న అమెరికన్ మెరైన్లు దిగింది ఆ ఒడ్డునే. తుపాకులతో నీళ్ళలోంచి నడిచొచ్చిన వాళ్ళకి ఎదురెళ్ళి, ఆడపిల్లలు దండలే వేశారు. డా నాంగ్‌లో దండ పద్ధతి కొత్తదేమీ కాదన్నమాట. వాళ్ళ ఐటినరీ మీకన్నా చిన్నది: విమానస్థావరానికి కాపలా, అంతే. మొదట దిగింది 3,500 మంది. ట్రిప్పు కాస్త పొడిగించుకున్నారు. 1969 నాటికి ఆ దేశంలో ఐదు లక్షలు దాటారు.

వ్యాను ఆగలేదు. మాకు దండ వాడిపోయింది, అంతే.

తర్వాత హై వాన్ కనుమ. ఆ పేరుకి సముద్రం, మబ్బు అని అర్థం. ఆ పొద్దున రెండూ హాజరు వేయించుకున్నాయి. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మెలికలు, దాదాపు ఐదొందల మీటర్ల ఎత్తు. ఒక వంపు దగ్గర కింద నీలం పరుచుకోగానే సీటు 9 పిన్నిగారు 'అచ్చం మన భీమిలి రోడ్డే' అని తీర్పిచ్చేశారు. (ఏ దేశం వెళ్ళినా మనకి కనపడేది భీమిలి రోడ్డే. తప్పేం లేదు, భీమిలి రోడ్డు బాగుంటుంది.) 2005లో కొండ కింద ఆరు కిలోమీటర్ల సొరంగం తవ్వాక లారీల హడావుడి అటు పోయింది. సొరంగంలోకి రానివ్వని మోటారుసైకిళ్ళకీ, సొరంగంలో ఫొటో రాదని ఏడ్చే మాలాంటి వాళ్ళకీ పైదారి మిగిలింది.

శిఖరం దగ్గర '8:45–9:05, వ్యూ పాయింట్' అన్నారు. అక్కడ 1826లో మిన్ మాంగ్ చక్రవర్తి కట్టించిన ఇటుక ద్వారం ఉంది. దాని పక్కనే కాంక్రీటు బంకర్లు. ఫ్రెంచివాళ్ళు కట్టుకున్నారు, వాళ్ళు పోయాక అమెరికన్లూ సైగాన్ (దక్షిణ వియత్నాం) సైన్యమూ కాపురమున్నారు. బంకరు కిటికీలోంచి తొంగి చూశాను. అటు లాంగ్ కో, ఇటు డా నాంగ్, మధ్యలో పాములా దారి. మీరు పెట్టిన పేరు పొల్లుపోలేదు. ఫొటోకి ఏ చోటు బాగుంటుందో, గురి చూడ్డానికీ ఆ చోటే బాగుంటుంది. రాజుకీ, ఫ్రెంచి కెప్టెనుకీ, మీకూ కొండమీద ఒకే స్థలం నచ్చడం యాదృచ్ఛికం కాదు. మరి సముద్రానికొక గడి, చరిత్రకొక గడి గీసి, మధ్యలో కాఫీ ఎందుకు పోశారు?

ఆ సమయానికి బంకరు మీద ఒక కొత్తజంట పెళ్ళి ఫొటోలు దిగుతోంది. పెళ్ళికూతురి తెల్లగౌను అంచు తుపాకీ కన్నం మీద పడి దాన్ని పూర్తిగా మూసేసింది. ఇరవై నిమిషాల్లో నాకు నచ్చిన దృశ్యం అదొక్కటే.

హ్యూ సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం, మీరూ అలాగే చెప్పారు కదా. కోటకి నలభై అయిదు నిమిషాలు, ఇండియన్ భోజనానికి గంటన్నర. 1968 జనవరి ఆఖరున టెట్ పండగ (వాళ్ళ ఉగాది) నాడు మొదలైన పోరు ఆ ఊళ్ళో దాదాపు నెల్లాళ్ళు నడిచింది. ప్రాకారం గోడల మీద గుంటలు ఇంకా కనపడతాయి. ఈ ముక్క గైడు చెబుతుంటే, వెనక వరసలో పప్పులో ఉప్పు చాలదని చర్చ. దీనికి మిమ్మల్ని తిట్టలేను. భోజనానికి గంటన్నర కావాలని బుక్ చేసేటప్పుడు వాట్సాప్ గ్రూపులో పట్టుబట్టింది మేమే. ఆవకాయ సీసా నాదే.

రెండోరోజు మీ రచనలో అసలు కళ బయటపడింది. '9:40, డీఎంజెడ్, వంతెన, 15 ని.' డీఎంజెడ్ అంటే అప్పటి ఉత్తర, దక్షిణ వియత్నాంల మధ్య సైన్యం ఉండకూడని మండలం. బెన్ హై నదికి అటు అయిదు, ఇటు అయిదు కిలోమీటర్లు. సైన్యం ఉండకూడదన్నారు గానీ బాంబులు పడకూడదని ఎవరూ అనలేదు కాబోలు. ఆ చుట్టుపక్కల క్వాంగ్ ట్రి నేలలో పేలని గుండ్లు ఇప్పటికీ ఏరుతున్నారు. పేర్లు పెట్టడంలో మీకూ దౌత్యవేత్తలకీ బంధుత్వం ఉందా?

ఆ హియెన్ లువాంగ్ వంతెన పొడవు 178 మీటర్లు. సగం నీలం, సగం పసుపు. 1954 జెనీవా ఒప్పందం ప్రకారం ఉత్తర, దక్షిణాలను విడదీసే ఈ గీత తాత్కాలికం, రెండేళ్ళలో ఎన్నికలు. ఎన్నికలు రాలేదు, గీత ఇరవై ఏళ్ళు దాటింది. రెండొడ్డుల మీదా మైకులు పెట్టుకుని తిట్టుకున్నారు. జెండాకర్ర ఎవరిది ఎత్తని పోటీపడ్డారు. మన ఊళ్ళో వినాయక చవితి పందిళ్ళ మధ్య నడిచేదీ ఇదే, కాకపోతే అక్కడ తర్వాత విమానాలు వచ్చాయి. ఒప్పందం సరిగ్గా నడుస్తోందా అని చూసే అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్షత మనదే, పోలెండ్, కెనడా సభ్యులు. మన దేశం అంత దగ్గరగా నిలబడిన చోట మాకు మీరిచ్చింది పదిహేను నిమిషాలు, అందులో ఏడు మరుగుదొడ్డి క్యూలో పోయాయి.

సముద్రం గడీ చరిత్ర గడీ మీ చేతిలోంచి జారి ఒకటైపోయింది ఆఖరున, విన్ మోక్‌లో. బాంబులకి ఇళ్ళు నిలవకపోతే ఊరు ఊరంతా ఎర్రమట్టి కిందికి దిగింది. మూడంతస్తులు, పన్నెండు మీటర్ల లోతు నుంచి ఇరవైమూడు దాకా. ఒక్కో కుటుంబానికి గోడలో తొలిచిన గూడు, మన దేవుడి గూడు కన్నా నాలుగాకులు పెద్దది. బావి ఉంది, పురుడు పోసే గది ఉంది. అక్కడ పదిహేడు మంది పిల్లలు పుట్టారు. మొత్తం పదమూడు ద్వారాలు, ఏడు సముద్రం వైపే తెరుచుకుంటాయి. గాలి అటునించే, ఎదురుగా ఉన్న కాన్ కో దీవికి పడవల్లో సరుకు వెళ్ళిందీ అటునించే.

లోపల నడుం వంచి నడవాలి. మీ తాడు జారి మీరు నా ముఖానికి అడ్డంపడ్డారు. పురుటిగది ముందు గైడుని అడిగాను, 'వియత్నాం యుద్ధంలోనే కదా?' అని. ఆయన మర్యాదగా, 'మేం అమెరికా యుద్ధం అంటాం సార్' అన్నాడు. ఇంకేదో చెప్పబోయి మీకేసి చూసి, 'మూడు నిమిషాలుంది' అన్నాడు.

సముద్రం వైపు ద్వారంలోంచి బయటపడ్డాం. ఎదురుగా ఇసుక, కెరటాలు, కళ్ళు చెదిరే ఎండ. మీలో అక్కడ '11:50, ఫొటో' అని ఉంది. నేను వెనక్కి తిరిగి, ఆ చీకటి ద్వారంలో నిలబడి, నవ్వుతూ దిగాను. మెడలో మీరు కూడా బాగా పడ్డారు.

నెల దాటింది. నా వాట్సాప్ డీపీ ఇంకా అదే.

ఇట్లు,
సీటు నంబరు 14

తా.క.: వచ్చే నెల మా తోడల్లుడు వాళ్ళు వెళ్తున్నారు. మిమ్మల్నే పంపించాను. భోజనం గంటకి తగ్గించమన్నాను, ఒప్పుకోలేదు.