గొంతుకు కౌలు కాగితం

ఒక్క పూటలో పదుల సార్లు చావాలి. తూటా తగిలి ఒకసారి, మంటల్లో చిక్కి ఒకసారి, నీళ్లలో ఊపిరాడక ఒకసారి, కొండ మీంచి జారి ఒకసారి. ఎదురుగా బొమ్మ ఉండకపోవచ్చు, తోటి నటుడూ ఉండకపోవచ్చు. ఒక మైకు, అద్దం అవతల సౌండ్ ఇంజినీరు, ముందు ఎక్సెల్ షీటు. వీడియో గేమ్‌లకు గొంతు ఇచ్చేవాళ్ల పని ఇది. చావుకేకల్ని ఆఖరికి అట్టిపెట్టుకుంటారు. ముందే అరిస్తే గొంతు బొంగురుపోయి మామూలు మాట కూడా పలకదు.

సినిమా డబ్బింగ్ మనకు తెలిసిందే. తెర మీద పెదవి కదులుతుంది, దానికి మాట అతకాలి. గేమ్‌లో ఆ ఆసరా తక్కువ, కథా వరసగా నడవదు. ఆడేవాడు తలుపు తీస్తే ఒక మాట, తీయకపోతే ఇంకో మాట, తలుపు ముందే నిలబడి పొద్దుపుచ్చుతుంటే విసుక్కునే మాట మరొకటి. అన్నీ పలికిపెట్టాలి. వాటిలో చాలా మాటలు ఎవరి చెవినా పడకుండానే ఆట అయిపోవచ్చు. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కోసం పలికించిన సంభాషణలు 5 లక్షల వరుసలని తయారీదారులే చెప్పుకున్నారు.

టీవీకి క్యాసెట్ తగిలించి ఆడుకున్న తరానికి మారియో మూగవాడు. సంగీతం మోగేది, అతను మాత్రం నోరు విప్పేవాడు కాదు. 1996లో సూపర్ మారియో 64 వచ్చాక ఆ మీసాలాయన ఉత్సాహంగా కేకలు వేయడం లోకమంతా విన్నది. ఆ గొంతు నాటకాల నుంచి వచ్చిన అమెరికా నటుడు చార్లెస్ మార్టినేది. 2023లో ఆ పాత్రను వదిలేదాకా పాతికేళ్లకు పైగా పలికాడు. కోట్ల మంది పిల్లలకు తెలిసిన గొంతు. బజారులో ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్లు ఎందరుంటారు?

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు గొంతుతో బతకడం కొత్తేం కాదు. తిరునాళ్లలో పద్యనాటకాలు, హరికథలు తెల్లవార్లూ నడిచిన నేల ఇది. హరికథకుడు సాంబమూర్తి గారి కొడుకుగా 1946లో నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్ని పాటతోనే తలుచుకుంటాం. మాటతోనూ తలుచుకోవాలి. కమల్ హాసన్ తెలుగులో మాట్లాడితే చాలాసార్లు ఆ గొంతు బాలుదే. ‘అన్నమయ్య’లో సుమన్ వేసిన వేంకటేశ్వరుడికి మాట ఇచ్చినందుకు డబ్బింగ్ కళాకారుడిగా నంది కూడా అందుకున్నారు.

ఆ బాలు 2020 సెప్టెంబర్ 25న పోయారు. గొంతును మాత్రం పోనివ్వలేదు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో కృత్రిమ మేధతో ఆయన స్వరాన్ని మళ్లీ పుట్టించారంటూ కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. తమను అడగలేదన్నది కుటుంబం బాధ. ఆ తర్వాత కొద్దిరోజులకే, 2024 జనవరిలో, ఏఆర్ రెహమాన్ కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఇట్లాగే వాడి, వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బూ ఇచ్చామని చెప్పారు. యంత్రం ఒకటే. అడగడం దగ్గరే తేడా.

బాలు గొంతుకే ఈ గతి పడితే, పేరు లేని గేమ్ గొంతు సంగతేమిటి? పైగా దానికి ఇంకో చిక్కుంది. సినిమా మాటల వెనక సంగీతం, వాన, బస్సు హారను కలిసిపోయి ఉంటాయి. గేమ్ కోసం రికార్డు చేసిన ప్రతి మాటా విడి ఫైలు. వెనక చప్పుడు ఉండదు. కోపమా, భయమా, నొప్పా అన్న గుర్తు కూడా పక్కనే రాసి ఉంటుంది. యంత్రానికి గొంతు నేర్పడానికి ఇంతకంటే చక్కగా చెరిగిపెట్టిన బియ్యం దొరకవు.

అమెరికా నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా ఇది పసిగట్టింది. అంతకుముందే, 2016 అక్టోబర్‌లో మొదలుపెట్టిన గేమ్ సమ్మెలో గొంతు చించుకునే పని రెండు గంటలకు మించి చేయించొద్దని కూడా అడిగింది. 2024 జులై 26న మళ్లీ సమ్మెకు దిగినప్పుడు అసలు గొడవ కృత్రిమ మేధే. 2025 జూన్‌లో సమ్మె ఆపారు, జులైలో 95 శాతం మంది ఒప్పందానికి సరే అన్నారు. నకలు గొంతు చేయాలంటే ముందు చెప్పాలి, ఒప్పించాలి. మళ్లీ సమ్మె వస్తే, ఇచ్చిన అనుమతిని అన్నాళ్లూ ఆపుకోవచ్చు.

మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుడంటే ఎవరో చెబుతూ నటుడు, గాయకుడు మొదలుకొని గారడీవాడు, పాములవాడి దాకా పేరుపేరునా రాసింది. డబ్బింగ్ చెప్పేవాళ్లు మాత్రం ‘ప్రదర్శన ఇచ్చే మరెవరైనా’ అన్న మూలన సర్దుకోవాలి. 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతుకు నకళ్లు తీయొద్దని మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. మంచిదే. కానీ మాటకింత అని తీసుకునే కుర్రాడు ఏ హైకోర్టు మెట్లెక్కుతాడు?

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోనో మూలాపేటలోనో ఒక అద్దె గది అనుకోండి. గోడలకు పాత బొంతలు, కిటికీకి దుప్పటి. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశాడు, మే నెల చెమట మోచేతుల మీదుగా కారుతోంది. రాత్రి పదకొండు దాటాక ట్రంకు రోడ్డు లారీల మోత కాస్త సద్దుమణిగితే అప్పుడు అరవాలి. పక్కింటావిడ తలుపు కొట్టి “ఏంది నాయనా, ఏమైంది? అట్టా అరస్తా ఉండావు?” అంటుంది. (ఆ మాటల్నే రికార్డు చేసుకుంటే ఏ గేమ్‌లోనైనా పల్లెటూరి అవ్వ బతికొస్తుంది. మన యాసను సినిమాలు నవ్వులకే వాడుకున్నాయి, యంత్రమేమో వార్తలు చదివే తెలుగే పలుకుతుంది.) పెద్ద గేముల్లో తెలుగు వినపడటం ఇప్పటికీ అరుదే. వచ్చిన రోజున మొదటి పిలుపు ఇట్లాంటి గదులకే రావచ్చు.

పిలుపుతోపాటు కాగితం వస్తుంది, ఇంగ్లీషులో. శాశ్వతంగా, విశ్వమంతటా, ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలన్నిటిలోనూ అని ఉంటుంది. పొలం అమ్మిన దస్తావేజులో ‘పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వహక్కులతో’ అని రాస్తామే, అదే ఇది. గొంతును ఇట్లా రిజిస్టరు చేసి ఇచ్చేయకూడదన్నది మా మాట. పెన్నా డెల్టా రైతుకు కౌలంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టంలోనూ కౌలు గడువు 11 నెలలే, భూమి మీద యజమాని హక్కు కదలదు. గొంతుకూ అట్లాంటి కాగితమే కావాలి. ఏ గేమ్‌కో, ఎన్నేళ్లకో అందులో రాయాలి. రెండో భాగానికి వాడితే మళ్లీ డబ్బివ్వాలి, యంత్రానికి నేర్పాలంటే విడిగా అడగాలి. ఆట చివర పేరు వేయాలి.

విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు పెద్ద స్టూడియోలు కట్టక్కర్లేదు. చప్పుడు రాని గది ఒకటి, మంచి మైకు ఒకటి, ఒప్పందం చదివి తెలుగులో చెప్పే లాయరు ఒకరు ఉంటే మొదలవుతుంది. ఆ ‘శాశ్వతంగా’ అన్న మాట కొట్టేయమని కుర్రాడు ఒంటరిగా అడిగితే పని ఇంకొకరికి పోతుంది. అందుకే, సినిమాను నమ్ముకుని ఉన్న డబ్బింగ్ కళాకారుల సంఘాలు గేమ్ గొంతుల్నీ చేర్చుకోవాలి. హైదరాబాద్ స్టూడియో గడప తొక్కకుండా నెల్లూరు గదిలోంచి పలికేవాడికీ సభ్యత్వ కార్డు ఇవ్వాలి, ఆ మాట కొట్టేయించే బాధ్యత తాము తీసుకోవాలి.