యూజీన్ నిజాయితీకి ఖరీదు కట్టిందెవరు?

నైజీరియా రచయిత్రి చిమమాండా ఎన్గోజీ అడిచే 2003లో తెచ్చిన నవల ‘పర్పుల్ హైబిస్కస్’ మీద ఎవరు మాట్లాడినా అదే పాట: దేశంలో సైనిక నియంత, ఇంట్లో తండ్రి నియంత, ఒకరికొకరు అద్దం. వినడానికి బాగుంది. నవల చెప్పేది అంతకంటే ఇబ్బందికరమైన సంగతి. ఇంట్లో కొట్టే మనిషి ఆ నియంతకు నకలు కాదు, బద్ధవిరోధి.

ఆ తండ్రే యూజీన్. నైజీరియాలోని ఎనుగు నగరంలో ఫ్యాక్టరీలున్న అతను ‘స్టాండర్డ్’ పత్రిక నడుపుతాడు. సర్కారు మనుషులు లంచం ఇవ్వజూపితే బయటికి పొమ్మంటాడు. అతని ఎడిటర్ అడే కోకర్ పార్సిల్ బాంబుకు బలవుతాడు. 1986లో లాగోస్‌లో జర్నలిస్టు డెలె గివాను పార్సిల్ బాంబుతోనే చంపిన తీరు తెలిసిన నైజీరియన్‌కి ఇది కల్పనలా అనిపించదు. కోకర్ కుటుంబాన్ని యూజీన్ ఆదుకుంటాడు కూడా. ఇందులో నటనేమీ లేదు.

ఆ మనిషే, పదిహేనేళ్ల కూతురు కాంబిలి క్రైస్తవుడు కాని తాతతో ఒకే ఇంట్లో పడుకుందని తెలిసి, ఆమెను స్నానాల తొట్టిలో నిలబెట్టి పాదాల మీద మరిగే నీళ్లు పోస్తాడు. పోస్తూ తనూ ఏడుస్తాడు. భార్య బియాట్రిస్ దెబ్బలు తిన్నాక మాట్లాడదు, బాలే నర్తకుల పింగాణీ బొమ్మల్ని తుడుస్తుంది.

చిన్నప్పుడు మిషనరీ ఫాదర్ అతని చేతుల్ని వేడినీళ్లలో ముంచాడు కదా, అతనూ బాధితుడేగా అంటారు కొందరు. కావచ్చు. మరి చెల్లెలు ఇఫియోమా? అదే తండ్రి బిడ్డ, ఆమెదీ క్యాథలిక్ విశ్వాసమే. ఎన్సుకా యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, పెట్రోలుకూ గ్యాసుకూ తడుముకుంటూ, పిల్లల్ని ఎదురు వాదించనిచ్చింది. వాళ్లు అన్నం దగ్గర పకపకా నవ్వుతారు. ఉద్యోగం పోయి అమెరికా వెళ్లాల్సొచ్చినా ఆ కోపం పిల్లల మీద చూపలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటాం. యూజీన్ రచ్చ గెలిచాడు, ఆ గెలుపే ఇంట్లోవాళ్ల నోరు కట్టేసింది. మానవ హక్కుల అవార్డు అందుకున్న మనిషి మీద ఫిర్యాదు చేస్తే నమ్మేదెవరు? బియాట్రిస్ అతని టీలో విషం కలిపి చంపింది అందుకే. నేరం కొడుకు జాజా నెత్తిన వేసుకుని జైలుకెళ్తాడు. ఆ తర్వాతి పేజీలే నాకు ఈ నవల మొత్తానికీ ఆయువుపట్టు. జాజాను విడిపించడానికి తల్లీకూతుళ్లు జడ్జీలకూ పోలీసులకూ జైలు గార్డులకూ లంచాలు పంచుతారు. జీవితంలో లంచానికి తలొంచని యూజీన్ సొమ్ముతోనే! వ్యవస్థ మీద అతను చేసిన యుద్ధం నిజమే, కానీ తన ఇంట్లోవాళ్లు ఆ వ్యవస్థ కాళ్లే పట్టుకునే గతి కల్పించిందీ అతనే.

అవినీతి అనగానే డబ్బు లెక్క ఒక్కటే చూడటం పత్రికలవాళ్లకు పాత జబ్బు, అందులో నేనూ ఉన్నాను. చేతికి మట్టి అంటని నాయకుడు దొరికితే చాలు, అతని ఇంటి సంగతి ‘వ్యక్తిగతం’ అని వదిలేస్తాం. జవాబు చెప్పనక్కర్లేని అధికారం మూటలు కట్టకపోయినా అవినీతే. ఉద్యమ నేత భార్య కేసు పెడితే ‘ఉద్యమానికి నష్టం’ అని ఆమెనే బతిమాలే పెద్దలు ఏ దేశంలోనైనా ఉంటారు. 1999లో నైజీరియాలో సైన్యం బ్యారక్‌లకు వెళ్లిపోయింది. యూజీన్ లాంటి తండ్రుల్ని దించడానికి ఏ ఎన్నికలూ పెట్టరు.