అరచేతి చెమట గారికి

అయ్యా,

నిన్న సాయంత్రం మహేంద్రగిరి దారిలో, ఆ నల్లబండ మీద తమరు నాకు చేసిన సన్మానానికి బోలెడు ధన్యవాదాలు. పై అంచు ఇంకా మూరెడు దూరం. నాలుగు వేళ్ల కొసలు పట్టేంత గాటు దొరికింది. సరిగ్గా అప్పుడే వేలి గీతల మీద బొట్లు బొట్లుగా తమరు దయచేశారు. చూపుడువేలు జారింది, ఉంగరం వేలు జారింది, ఆ వెనకే మొత్తం నేను. తాడుకి వేలాడుతుంటే కింద నుంచి బావ, "ఏట్రా, మళ్లీ తడేనా?" అన్నాడు.

మే నెలలో పర్లాకిమిడి ఎండకి చొక్కా పిండుకునేంత తడిసినా తమరు పెద్దగా పలకరు. ఒంటి మీద మిగతా చెమట వేడికి పడుతుంది, తమరు మాత్రం ముఖ్యంగా టెన్షన్‌కి పడతారట. పట్టు కావలసింది భయమేసినప్పుడే కదండీ! శాస్త్రం చదివినవాళ్లు తమరినే వెనకేసుకొస్తారు. బొత్తిగా ఎండిన చర్మం జారుతుందట, కాస్త తేమ తగిలితే మెత్తబడి రాతికి బాగా ఆనుతుందట. సరే, కాస్త. కాస్త అంటే ఎంతో తెలుసా నీకు? అది దాటితే వేలికీ రాయికీ మధ్య నీటి పొర చేరి కందెన పని చేస్తుంది. వేళ్లని మడిచే పెద్ద కండలన్నీ ముంజేతిలో ఉంటాయి. పాపం, అవి మంటెత్తేదాకా లాగాయి. వాటి కష్టమంతా క్షణంలో నీళ్లపాలు చేశావు కదా!

చాక్ పొడి రాసుకోలేదా అంటావు. రాసుకున్నాను, గుప్పెళ్లతో. 1950లలో జాన్ గిల్ అనే అమెరికా జిమ్నాస్ట్ ఆ పొడిని, అంటే మెగ్నీషియం కార్బొనేట్‌ని, బండల దగ్గరికి తెచ్చినప్పటి నుంచి లోకమంతా నిన్ను దానితోనే అణచాలని చూస్తోంది. 2001లో కొలిచినవాళ్లు పొడి రాస్తే ఘర్షణ తగ్గిందన్నారు, 2012లో కొలిచినవాళ్లు పెరిగిందన్నారు. వాళ్లు తేల్చుకునేలోపు నేను ఇంకెన్నిసార్లు వేలాడాలో. సముద్రం మీంచి వచ్చి నీకు తోడయ్యే ఆ తేమ గాలికి వేరే ఉత్తరం రాస్తాను.

రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ దగ్గరా నువ్వే. నేను వేలు పంచెకి తుడవడం, అది మళ్లీ తడవడం. వెనక లైనంతా నా మీద విసుక్కుంది.

వచ్చే ఆదివారం మళ్లీ అదే బండకి పోతున్నాం. రావద్దనను, అసలు రాకపోయినా జారిపోతాను. వేలికొసలు మెత్తబడేంత వచ్చి అక్కడ ఆగు. గాటు దాటి పైకెక్కి కూర్చున్నాక చొక్కా తడుపుకుంటావో, లాగు తడుపుకుంటావో నీ ఇష్టం.