ఫొటోలు ఇస్తారు, మనుషుల్ని ఇవ్వరు

ఈ నెలాఖరుకు ఈ సోషల్ మీడియా యాప్‌లో నా ఖాతా మూసేస్తున్నాను. "ఎవరి మీద అలక?" అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. అలకేమీ లేదు, విసుగొచ్చింది.

నన్ను ఫాలో అవుతున్నవాళ్లంతా తమంతట తామే ఆ బటన్ నొక్కారు. అయినా నేను రాసింది వాళ్లందరికీ కనబడాలంటే డబ్బు కట్టి బూస్ట్ చేసుకోమంటుంది కంపెనీ. ఫీడ్ తెరిస్తే స్నేహితుడి పోస్టు ఒకటి, ప్రకటనలు రెండు, ఆ తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్ల కొట్లాట. మనం ఎంతసేపు ఉంటే వాళ్లకు అంత ప్రకటనల ఆదాయం. కోపం వచ్చినవాడు తొందరగా లేచి వెళ్లడు కదా!

ఇవన్నీ తెలిసీ ఎందుకుంటున్నాం? యాప్ గొప్పగా ఉందని కాదు, మనవాళ్లంతా ఇక్కడే ఉన్నారని. ఆ సంగతి కంపెనీకి మనకన్నా బాగా తెలుసు. ఈమెయిల్ ఎవరి దగ్గర తెరిచినా, ఇంకో కంపెనీలో ఉన్నవాళ్లకు నిక్షేపంగా మెయిల్ వెళుతుంది. ఇక్కడ మాత్రం గేటు దాటితే ఏళ్ల తరబడి కుదిరిన పరిచయాలన్నీ వదిలేసుకోవాలి. డేటా డౌన్‌లోడ్ చేసుకోవచ్చుగా అంటారు. చేసుకోవచ్చు. మన ఫొటోలు జిప్ ఫైల్లో కట్టి ఇస్తారు. మనుషుల్ని ఇవ్వరు.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్ కొన్నాడు. జనం వేరేచోటికి వెళ్లడం మొదలుపెట్టేసరికి, డిసెంబరులో మాస్టొడాన్ లాంటి వేరే సోషల్ నెట్‌వర్క్‌లకు లింకులిచ్చి జనాన్ని పిలవకూడదని రూలు పెట్టారు. గగ్గోలు లేచాక వెనక్కి తీసుకున్నారనుకోండి. 2023లో చర్చావేదికల సైట్ రెడిట్, బయటి యాప్‌లు తన సమాచారం తీసుకునే దారికి, అంటే ఏపీఐకి, రేటు కట్టింది. జూన్‌లో సబ్‌రెడిట్‌లు అనే అందులోని చర్చావేదికలు వేల సంఖ్యలో తలుపులు మూసి నిరసన చెప్పినా దిగిరాలేదు. రెడిట్ చదవడానికి చాలామందికి ఇష్టమైన అపోలో అనే బయటి యాప్ ఆ నెలాఖరుకే మూతపడింది. నిరసన చేసినవాళ్లలో మోడరేటర్లున్నారు, పైసా జీతం లేకుండా ఆ చర్చావేదికలను నడిపేవాళ్లు. వాళ్ల మాటే చెల్లనిచోట నా మాట, మీ మాట ఎవడు వింటాడు?

నేను మాస్టొడాన్‌కు వెళ్లాను. 2016లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఓపికున్నవాళ్లెవరైనా సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో ఆ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 2018లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది కూడా. అదే పద్ధతి వాడే పిక్సెల్‌ఫెడ్ అనే ఫొటోల వేదికలో ఉన్న మనిషిని మాస్టొడాన్ నుంచే ఫాలో కావచ్చు. హోమ్ ఫీడ్‌లో ప్రకటనలుండవు, పోస్టులు వచ్చిన వరసలోనే కనబడతాయి. ఇవి లేకపోయినా సర్దుకునేవాణ్ణేమో. నన్ను లాగింది ఇంకొకటి: సర్వర్ నచ్చక ఇంకో సర్వర్‌కు మారితే ఫాలోవర్లు వెంట వస్తారు.

అక్కడంతా బ్రహ్మాండమని చెప్పను. సర్వర్ మారితే పాత పోస్టులు వెంట రావు. మొదట ఏ సర్వర్‌లో చేరాలో తేల్చుకోవడమే పెద్ద తలనొప్పి. "అక్కడ ఎవరూ లేరు" అన్న మాటలోనూ నిజముంది, మనవాళ్లు తక్కువే. వీటన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది నడిపేవాళ్ల సంగతి. వేల మంది వాడుతున్న మాస్టొడాన్.లాల్ అనే సర్వర్‌ను, వేధింపులతో విసిగిపోయి మూసేస్తున్నానని 2023లో దాని నిర్వాహకుడు ప్రకటించాడు. కంపెనీని తిట్టినట్టే ఇలాంటివాళ్లనూ తిడుతూ, పైసా ఇవ్వకుండా, అన్నీ ఉచితంగా కావాలంటే ఎన్నాళ్లు నడుపుతారు? సముదాయం నడిపే చోటు అంటే ఆ సముదాయంలో మనమూ ఉన్నట్టే. సర్వర్ బిల్లులో నా వంతు నేను కడుతున్నాను.

ట్విట్టర్ లాంటి బ్లూస్కై సులువు కదా అంటున్నారు. సులువే, దాన్ని నడిపే ఉమ్మడి పద్ధతి, అంటే ప్రోటోకాల్ కూడా అందరికీ తెరిచే ఉంది. కానీ వెనకాల ఉన్నది వెంచర్ పెట్టుబడి తీసుకున్న కంపెనీ. డబ్బు పెట్టినవాళ్లు ఏదో ఒకరోజు లాభం అడుగుతారు. అప్పటిదాకా చూద్దాం అనుకునేవాళ్లను నేను తప్పుపట్టను, నాకు మాత్రం మళ్లీ మూటాముల్లె సర్దుకునే ఓపిక లేదు.

వస్తామంటున్నవాళ్లకు ఒక్క సలహా. పేరు బాగుందని ఏదో ఒక సర్వర్‌లో దూరిపోకండి. మాస్టొడాన్ అధికారిక సైట్‌లో జాబితాకెక్కే సర్వర్లు కొన్ని షరతులకు ఒప్పుకోవాలి: రోజూ బ్యాకప్ తీయాలి, జాతి, లింగ ద్వేషాన్ని అడ్డుకోవాలి, అత్యవసరంలో సర్వర్ తాళం తీయగల రెండో మనిషి ఉండాలి, మూసేసే పక్షంలో కనీసం 3 నెలల ముందు చెప్పాలి. ఆ జాబితాలోంచి ఎంచుకుని, ఎవరు నడుపుతున్నారో, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో వాళ్ల పరిచయం పేజీలో చదివి చేరండి. నా కొత్త చిరునామా ప్రొఫైల్‌లో పెట్టాను, ఖాతా మూసేలోగా రాసి పెట్టుకోండి.