బొచ్చు ఫారాల లాభం ఒకరిది, ముప్పు అందరిది

బొచ్చు కోసం మింక్‌లను (ముంగిసను పోలిన చిన్న జంతువులు), నక్కలను బోనుల్లో పెంచే వ్యాపారాన్ని యూరప్ అంతటా నిషేధించాలంటూ 15 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ఈ బోనుల పద్ధతిలో జంతువుల బాధను నివారించడం సాధ్యం కాదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2025లో తేల్చింది. ఇంత జరిగాక కూడా దీన్ని జంతు ప్రేమికులకూ రైతులకూ మధ్య తగవుగా చూపించడం అన్యాయం. ఇది ప్రజారోగ్య సమస్య.

హింస చిన్న విషయమని కాదు. మింక్ నీటిలో ఈదుతూ, ఒంటరిగా తిరిగే జంతువు. తరతరాలుగా బోనుల్లోనే పుట్టి పెరిగినా దానికి నీటి మీద మమకారం చావలేదని 2001లోనే బ్రిటన్ పరిశోధకులు చూపించారు. నీటి తొట్టెను చేరుకోవడానికి ఆ మింక్‌లు బరువైన తలుపులను పదే పదే తోసుకుంటూ వెళ్లాయి. అలాంటి ప్రాణిని తీగల బోనులో బంధించి, చివరికి విషవాయువుతో చంపుతున్నారు. ఒక కోటు కోసం!

అసలు ప్రమాదం మరోచోట ఉంది. మింక్‌కు మనుషుల ఫ్లూ సోకుతుంది, పక్షుల ఫ్లూ కూడా సోకుతుంది. అలాంటి జంతువులను వేల సంఖ్యలో పక్కపక్కనే ఉంచితే, క్షీరదాల మధ్య వ్యాపించడానికి వైరస్‌కు మనమే శిక్షణ ఇచ్చినట్లు. 2020లో కరోనా మనుషుల నుంచి మింక్‌లకు పాకి, మార్పులు చెంది, తిరిగి మనుషులకు సోకింది. డెన్మార్క్ ప్రభుత్వం దేశంలోని మింక్‌లన్నింటినీ చంపమంది. కోటిన్నరకు పైగా జంతువులు! ఆ ఆదేశానికి చట్టబద్ధత లేదని బయటపడి మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. హడావిడిగా పూడ్చిన కళేబరాలు ఉబ్బి నేల పైకి తేలాయి. ఆ తర్వాతైనా బుద్ధి రావాలి కదా? 2022లో స్పెయిన్‌లోని గలీసియాలో, 2023లో ఫిన్లాండ్‌లో ఈ ఫారాలకే బర్డ్ ఫ్లూ సోకింది.

డెన్మార్క్‌లో ఫారాల యజమానులకు పరిహారం కోసం 1,500 కోట్ల క్రోన్లకు పైగా ప్రభుత్వం కేటాయించింది. అదంతా ప్రజల సొమ్ము. మన కాలపు పెద్ద దగా ఇదే: లాభం వచ్చినంత కాలం అది యజమాని సొంతం, విపత్తు వచ్చిన రోజున అది సమాజం భారం. గనులు, రసాయన కర్మాగారాలు, బ్యాంకులు అన్నింటిదీ ఇదే లెక్క. ముప్పును తయారు చేసేవారే దాని ఖరీదును ముందుగా చెల్లించాలని చట్టం చెప్పి ఉంటే, మింక్ ఫారం ఒక్క ఏడాది కూడా గిట్టుబాటయ్యేది కాదు.

యూరప్ మూసేస్తే ఈ వ్యాపారం చైనాకు తరలిపోతుందని, అక్కడ నిబంధనలు ఇంకా సడలింపుగా ఉంటాయని పరిశ్రమ వాదిస్తోంది. ఇందులో కొంత నిజముంది. ఫారాలను 2000లోనే చట్టంతో నిషేధించిన బ్రిటన్ ఆ తర్వాత కూడా బయటి నుంచి బొచ్చు తెప్పించుకుంది. అందుకు పరిష్కారం ఫారాలను కొనసాగించడం కాదు, దిగుమతిని కూడా ఆపడం. కుక్క, పిల్లి బొచ్చు దిగుమతిని యూరప్ 2008 చివరి నుంచే నిషేధించింది. కుక్కకు వర్తించిన న్యాయం నక్కకు ఎందుకు వర్తించదు?

బొచ్చు ఫారాలపై పోలండ్ తెచ్చిన నిషేధ చట్టం మంచిదే, కానీ అక్కడ ఇప్పటికే నడుస్తున్న ఫారాలకు 2033 చివరి వరకు గడువిచ్చారు. వైరస్‌లు గడువులు చూసుకుని రావు. పెంపకందారులకు పరిహారం ఇప్పుడే ఇచ్చి, ఒకటి రెండేళ్లలో బోనులు ఖాళీ చేయించాలి. దిగుమతి నిషేధం కూడా అదే రోజు నుంచి అమల్లోకి రావాలి.