డైరెక్ట్ ఫిట్టింగండి, ఆయ్!

పార్శిల్ మీద మూడు చోట్ల రాసి ఉంది: "అంబాసిడర్ ఫెండర్, డైరెక్ట్ ఫిట్టింగ్." ఫెండరంటే కారు ముందు చక్రం మీద కప్పే రేకు. డైరెక్ట్ ఫిట్టింగంటే కోతా వంపూ లేకుండా తిన్నగా బిగిపోతుందని. ఒక్కసారి రాసి ఉంటే నమ్మి ఊరుకునేవాణ్ణి. మూడుసార్లు రాశాడంటే రాసినవాడికే అనుమానం ఉందని నాకప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. పాత కారు బాగుచేయించుకునేవాడికి తట్టవలసినవేవీ టైముకి తట్టవు.

మాది 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్, అంటే ఆ కారులో రెండో మోడల్. నాన్నగారు కొన్నారు. ఊళ్లో అది రెండో కారు. మొదటిది రైసు మిల్లు వాళ్లది, ఆ సంగతి వాళ్లు ఇప్పటికీ పెళ్లి భోజనాల దగ్గర గుర్తు చేస్తుంటారు. అమలాపురం చుట్టుపక్కల ఈ బండి ఎక్కని పెళ్లికొడుకు లేడు, దీని నెత్తికెక్కని ఎలక్షన్ మైకు లేదు. 1996 నవంబరు తుఫాను రాత్రి సగం సావిట్లో, సగం వానలో నిలబడి బతికి బయటపడింది. కానీ కోనసీమ గాలికి ఇనుమూ బెల్లమూ ఒకటే, చెమ్మ తగిలితే రెండూ నీరుకారిపోతాయి. చక్రం విసిరిన బురద ఫెండరు లోపల మూలల్లో చేరి, మే నెలలో కూడా ఆరదు. తుప్పు అక్కడే కాపురం పెట్టి, పిల్లల్ని కని, హెడ్‌లైటు దాకా ఇల్లు విస్తరించింది.

ఈ బండిని తయారుచేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీలో పని 2014లో ఆగిపోయింది. పేరుని కూడా 2017లో 80 కోట్లకి ఫ్రెంచి కంపెనీకి అమ్మేశారు. అంటే అంబాసిడర్ అన్న మాట ఫ్రాన్సులో భద్రంగా ఉంది, ఫెండరు మాత్రం ఎక్కడా లేదు. ఇంత ఖాళీ కనిపిస్తే వ్యాపారం పుట్టకుండా ఉంటుందా? రేకు వంచి, నల్లరంగు పూసి, పాత కారు భాగాల పేరుతో అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. నాకు అమ్మినాయన మన జిల్లా మనిషే. పెద్ద ఊళ్లో షాపు పెట్టాడు. పెద్ద ఊరు వెళ్లినా "ఆయ్" మాత్రం వదల్లేదు. ఆ ఒక్క ముక్కకే నేను పడిపోయాను.

నకలు సరుకు మనకేం కొత్త కాదు. గోదారికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, సముద్రపు ఇలసని ఐసులో పెట్టుకొచ్చి పులస అని అమ్మేవాళ్లు గట్టంతా బారులు తీరతారు. మోసమే, కాదనను. అయినా ఆ చేపకి ఒక మర్యాద ఉంది. మట్టి దాకలో పడుతుంది. "దాకని ఓ పక్క కొంచెం కోసుకోండి మాస్టారూ, డైరెక్టుగా సరిపోద్ది" అని ఏ చేపలావిడా నాతో అనలేదు.

ఇక రావులపాలెం దగ్గర టింకరింగ్ షెడ్డులో జరిగిన ఘట్టం.

మేస్త్రిగారు ముందు ఏమీ మాట్లాడలేదు. పాత ఫెండరు మీద వేలి గోటితో కొట్టాడు, కంచు పళ్లెంలా మోగింది. కొత్తదాని మీద కొట్టాడు, బిస్కెట్ డబ్బాలా పలికింది. బొటనవేలితో నొక్కాడు, సొట్ట పడింది. వెనకనుంచి నొక్కాడు, "టప్" మని లేచింది. నావైపు చూశాడు.

"డైరెక్ట్ ఫిట్టింగ్ అన్నారండీ" అన్నాను.

"ఆయ్, అలాగే పెడదామండి" అన్నాడు. మా వైపు మనిషి "ఆయ్" అంటే ఒప్పుకున్నాడని బయటివాళ్లు అనుకుంటారు. మిమ్మల్ని మీ ఖర్మకి వదిలేశానని దాని అర్థం.

ఎడమవైపుది ముందు ఎత్తారు. మొదటి బోల్టు కన్నం కలిసింది. చప్పట్లు కొట్టాం. రెండోది అర అంగుళం దిగువన ఉంది. మూడోదాని కోసం అందరం వెతికాం, అసలు తొలవనే లేదు. నాలుగోది బిగిస్తే మొదటిది ఊడింది. ఈలోపు షెడ్డు చుట్టూ జనం. మిల్లు గుమస్తా వచ్చాడు. రిటైరైన సర్వేయరుగారు ఎవరూ పిలవకుండానే టేపు తెచ్చి, తూర్పు హద్దున ముప్పావు అంగుళం ఆక్రమణ జరిగిందని తేల్చారు. కొబ్బరికాయల వ్యాను డ్రైవరు బంపరు ముందు వెల్లకిలా పడుకుని రెండు కాళ్లతో తన్నిపెట్టాడు. అయినా పైఅంచు బానెట్ దగ్గర పైకి లేచే ఉంది. అప్పుడు మా బావగారు రంగంలోకి దిగారు. ఆయన బరువు 94 కిలోలు. ఫెండరు అంచు మీద కండువా పరిచి కూర్చున్నారు.

కలిసింది! బానెట్‌కీ ఫెండరుకీ మధ్య సందు ఈ చివర నుంచి ఆ చివరికి గీత గీసినట్టు వచ్చింది. సర్వేయరుగారు కూడా ఒప్పుకున్నారు. బావగారు లేచారు. వేలు దూరేంత సందు. కూర్చున్నారు, సమానం. లేచారు, వేలు. దాంతో ఆయన్ని లేవనివ్వలేదు. టీ అక్కడికే తెప్పించాం. పకోడీ కూడా. పేపరు తెచ్చిచ్చాం. ఒంటిగంటకి మా అక్కయ్య ఫోన్ చేసి భోజనానికి రాలేదేమని అడిగితే, "నేను లేస్తే బండి పాడైపోద్ది" అని ఆయన చెప్పిన జవాబు మీద వాళ్లింట్లో ఇంకా విచారణ నడుస్తోంది. బండి పేపర్లలో యజమాని పేరు పక్కన బావగారి పేరు కూడా ఎక్కించుకుంటే ఎలా ఉంటుందని గుమస్తా నన్ను నిజంగానే అడిగాడు.

ఎడమ తలుపు తెరిచి చూశాం. పావు వంతు తెరుచుకుని ఫెండరుని కరిచింది. "ముందు సీట్లో పెళ్లికూతురి తండ్రి ఎలా దిగుతాడండీ?" అన్నాడు వ్యాను డ్రైవరు, కింద పడుకునే. హెడ్‌లైటు పెడితే అది రోడ్డుని వదిలేసి కొబ్బరి మట్టల వైపు చూస్తోంది. రాత్రిపూట గెలలు దించుకునేవాళ్లకి పనికొస్తుంది.

కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852 కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా గోదారి మీద ఆనకట్ట కట్టాడు. ఆ ముక్కల మధ్య లంకలున్నాయి. అయినా కలిశాయి. మా ఫెండరుకీ తలుపుకీ మధ్య ఏ లంకా లేదు.

షాపాయనకి వీడియో కాల్ చేశాను. ఆయన దగ్గర నాలుగు జవాబులున్నాయి, వరసగా వస్తాయి. మొదటిది, "కొంచెం అడ్జస్ట్ చేసుకోవాలండి." ఇంత డబ్బిచ్చి కొన్నాక ఇంకా ఎవరు అడ్జస్ట్ అవ్వాలి, నేనా, బావగారా? రెండోది, "ఇది అన్ని మార్కులకీ ఒకటేనండి, అన్నిటికీ పడుద్ది." మార్క్ 4 వచ్చేసరికి బండి మొహమే మార్చేశారు. గ్రిల్లు చిన్నదైంది, పార్కింగ్ లైట్లు విడిగా చదరంగా వచ్చాయి. ఆ మొహానికీ ఈ మొహానికీ ఒకటే బుగ్గ అంటాడు.

మూడోది నన్ను నిద్రపోనివ్వలేదు. "మా ప్యానెల్ కరెక్టేనండి. మీ బండే వంకర."

ఇందులో సగం నిజం. అదే నా బాధ. అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బండికి ఎముకలు. యాభై ఏళ్లు గుంటల్లో ఎగిరి, తుప్పుపట్టిన చోట జాకీ పెట్టించుకుని, ఏ బండీ ఫ్యాక్టరీ గేటు దాటిన కొలతల్లో మిగలదు. గేటు దాటిన రోజు కూడా దాని సందులు సమానంగా ఉండేవని దాని ప్రేమికుడు కూడా ప్రమాణం చేయడు. అందుకే తెలిసిన మేస్త్రి వెనకనుంచి ముందుకు వస్తాడు. ముందు వెనక తలుపు కుదురుస్తాడు, దాన్ని చూసి ముందు తలుపు, దాన్ని చూసి ఫెండరు, ఆఖర్న బానెట్. రంగు వేయకముందే అన్నీ ఒకసారి బిగించి, మళ్లీ విప్పుతాడు. ఇంత తంతు ఉన్నదానికి డైరెక్ట్ ఫిట్టింగ్ అని మూడుసార్లు ఎలా రాశావయ్యా?

అదే షాపులో తలుపుల కింద ఉండే ఫుట్‌బోర్డులు కూడా డైరెక్ట్ ఫిట్టింగే అమ్ముతున్నారు. ఫెండరు వంకరైతే జనం నవ్వి ఊరుకుంటారు. ఫుట్‌బోర్డు బండికి వెన్నుపూస. లోపల ఇనుప బద్దీలు అడ్డంగా వేసి బాడీని పట్టి ఉంచకుండా పాతది కోసేస్తే నడుం జారుతుంది, తలుపు సందు మళ్లీ రాదు. రాని సందుని పుట్టీతో నింపుతారు. పుట్టీ మీద రంగు, రంగు మీద పాలిష్, పాలిష్ మీద పూలదండ. పల్చగా పూయాల్సిన పుట్టీని వేలిమందాన కొడితే రెండు వానాకాలాల్లో లోపల చెమ్మ చేరి, కింద రేకు పిండైపోతుంది. అప్పటికి బండి చేతులు మారిపోయి ఉంటుంది. అందులో ఎవరి పిల్లలు కూర్చుంటారో ఆ రేకు అమ్మినవాడికి తెలియదు, అక్కర్లేదు కూడా.

నాలుగో జవాబు వచ్చేసరికి ఫోను స్పీకరులో ఉంది. "అయితే మీ మేస్త్రికి పని రాదండి."

మేస్త్రిగారు పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. చేతిలో డాలీని, అంటే రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మని, గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

ఇక్కడ నాకు జోకులు రావడం లేదు. నలభై ఏళ్లుగా రేకు వెనక డాలీ పెట్టి ముందు సుత్తి వేస్తున్న మనిషి అతను. కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో చెబుతాడు. ఆ షాపువాడు తన ఫెండరు ఒక్క బండి మీదైనా పెట్టి చూశాడా? చూసి ఉంటే మూడో కన్నం గుర్తొచ్చేది కదా! వాడి తప్పుకి రంగుల ఫొటో ఉంది, బిల్లు ఉంది, మూడుసార్లు రాసిన అబద్ధం ఉంది. పదకొండు రోజులు ఆ తప్పుని కోసి, వంచి, చుక్క చుక్క వెల్డింగు పెట్టి, రేకు వేడికి మెలిపడకుండా తడిగుడ్డ అద్ది, ఎడమ ఫెండరుని మనిషిని చేసినవాడికి మాత్రం పని రాదు! షెడ్డులో ఇద్దరు కుర్రాళ్లుండేవాళ్లు. ఇద్దరూ షోరూములకి వెళ్లిపోయారు. అక్కడ సొట్ట తీయక్కర్లేదు, మార్చేస్తే చాలు. ఎందుకుంటారు ఇక్కడ? రేకుకి అడిగినంతా నోరెత్తకుండా ముందే పంపించిన నేను, మేస్త్రి కూలి దగ్గర ఐదొందలు తగ్గించమన్నాను. షాపువాణ్ణి తిట్టే ముందు ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాశాను.

పాత ఎడమ ఫెండరుని మొదటిరోజే ఇనుప సామాన్ల వాడికి కిలోల లెక్కన వేసేశాను. డైరెక్ట్ ఫిట్టింగ్ ఉండగా పాతదెందుకని. కుడిదాన్ని కూడా వేసేసేవాణ్ణే, సమయానికి కనపడలేదు. దాన్ని మేస్త్రిగారు షెడ్డు వెనక తాటాకుల కింద దాచాడని ఎడమది పూర్తయ్యాక తెలిసింది. కడిగి చూపించాడు. తుప్పు తిన్నది అడుగున జానెడే. కొత్త కుడి ఫెండరులోంచి ఆ జానెడు ముక్క కోసి, సుత్తితో దారికి తెచ్చి, అతికించాడు. బోల్టులన్నీ వాటంతటవే దిగాయి. బావగారిని పిలవాల్సిన అవసరం రాలేదు. ఆయన కొంచెం నొచ్చుకున్నారు కూడా.

జానెడు పోగా మిగిలిన కొత్త ఫెండరుని మేస్త్రిగారి భార్య కోళ్ల గూటి మీద కప్పింది. వానకి చుక్క కారడం లేదట.

మొన్న షాపాయన మెసేజ్ పెట్టాడు: "ఫిట్ అయిందాండీ? ఒక ఫొటో పెట్టండి సార్." పుంజుతో సహా పెట్టాను. బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది.